నేను రాయని ఖాళీ బిందె

విశాఖపట్నంలోని ఒక పరిశోధనా సంస్థలో ముప్పై ఏళ్ళ పాటు ఫీల్డ్ ఇన్వెస్టిగేటరుగా పనిచేశాను. అరకు లోయ చుట్టూ ఉన్న కొండల మీద, అటు రాజవొమ్మంగి దాకా, ఊళ్ళలో ఉండి అక్కడి మనుషులు ఎలా బతుకుతున్నారో చూసి రాయడం నా ఉద్యోగం. రిటైరై ఇన్నేళ్ళయింది. ఆ పని గురించి నన్ను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. అడగలేదన్న బాధ ఒక్కటే అయితే దిగమింగుకునేవాణ్ణి. అంతకంటే పెద్దది ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆ సంస్థలో కొత్తగా చేరిన పిల్లలకు ఏటా శిక్షణ తరగతులు పెడతారు. పరిశీలన పద్ధతి గురించి ఒక పూట పాఠం ఉంటుంది. ఆ పాఠం నన్ను చెప్పనివ్వమని మూడుసార్లు ఉత్తరం రాశాను. మూడోసారి పిలిచారు, వినడానికి. చివరి వరసలో కుర్చీ వేశారు. టీ ముందు వరసల్లోనే అయిపోయింది. నా దాకా ఖాళీ ట్రే వచ్చింది. అది పట్టుకున్నవాడు నా మొహం చూడకుండా వెనక్కి తిరిగిపోవడం కూడా నాకు గుర్తుంది.

పాఠం చెప్పినాయన అరకులో గెస్ట్‌హౌస్ దాటి కొండెక్కిన మనిషి కాడు. నీలం అట్ట ఉన్న ఒక పాత నివేదికను ఎత్తి చూపించి, "ఎవరినీ కదిలించకుండా, ఉన్నది ఉన్నట్టు చూడటం ఎలాగో దీన్నుంచి నేర్చుకోండి" అన్నాడు. టైడా స్టేషన్లో దిగి సగం పూట నడిస్తే వచ్చే ఒక కొండ ఊళ్ళో, తొంభైల నడుమ, తాగునీటి మీద చేసిన అధ్యయనం అది. దానికోసం ఆరు రోజులు బండ మీద కూర్చుని గీతలు గీసింది నేను. లోపల నా పేరు లేదు. "సహకరించిన ఇతర సిబ్బంది" అని ఉంది.

చెయ్యెత్తాను. "ఆ నివేదిక తప్పండీ" అన్నాను.

"మాస్టారూ, ప్రశ్నలకు టైము లేదు" అన్నాడు. పిల్లలు నవ్వారు.

ఆ నివేదిక వల్ల ఒక ఊరు తన ఊటను పోగొట్టుకుంది. అందులో తప్పు చేసింది, దాన్ని అచ్చువేసిన అప్పటి మా డైరెక్టరు మాత్రమే అయితే నేనింత తల్లడిల్లేవాణ్ణి కాదు. మొదటి తప్పు నాది. నవ్విన ఆ పిల్లలు రేపు ఇదే పనికి కొండెక్కుతారు. వాళ్ళు చదవాలని రాస్తున్నాను.

నిప్పుకోసం లేచే నాయుడు

కంటితో చూసి తెలుసుకోవడంలో బలం లేదని నేననను. ఉంది. అదేమిటో నాకు తెలిసింది రాజవొమ్మంగి వైపు ఒక ఊళ్ళో.

ఆ ఊరి పెద్దను అందరూ నాయుడనేవారు. ఊళ్ళో నిర్ణయాలు ఎవరివని మా ప్రశ్నల కాగితంలో ఉంటే, ఆడామగా అందరూ "నాయుడివే" అన్నారు. కాగితం పట్టుకుని వచ్చినవాడైతే అక్కడ టిక్కు పెట్టి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాడు. నేను రెండు వారాలున్నాను. ఊరు నాలుగుసార్లు కూర్చుంది. ప్రతిసారీ వాదన ముదిరిన చోట నాయుడి చుట్ట ఆరిపోయేది. "నిప్పెట్టుకొనొత్తాను, ఉండండి" అని ఇంటి వెనక్కి వెళ్ళేవాడు. వెలిగించిన చుట్టతో తిరిగొచ్చి తీర్పు చెప్పేవాడు. మూడోసారి చూశాను, ఆయన మొలలో అగ్గిపెట్టె ఉంది.

నాకు చుట్ట అలవాటు లేదు. అయినా సంతలో ఒకటి కొని ఉంచుకున్నాను. నాలుగోసారి నేనూ నిప్పుకోసమే అన్నట్టు వెనకాలే వెళ్ళాను. పొయ్యి దగ్గర నాయుడి మేనత్త కూర్చుని ఉంది. అడ్డపొగ తాగుతోంది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. నాయుడు ఆమె ముందు గొంతుక్కూర్చుని జరిగినదంతా చెబుతున్నాడు. ఆమె చుట్ట తీసింది, రెండు ముక్కలు చెప్పింది, మళ్ళీ పెట్టుకుంది. అదీ తీర్పు.

అప్పుడు నన్ను చూసింది. "ఏటి బాబూ, నీ సుట్ట కూడా ఆరిపోనాదా?"

"అవునమ్మా."

"ఎలిగించని సుట్ట ఎలగారిపోనాది బాబూ?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నాయుడూ నవ్వాడు.

మనుషులు అడిగితే చెప్పవలసింది చెబుతారు, చేసేది కంటికే కనబడుతుంది అని నేను అక్కడ నేర్చుకున్నాను. మా డైరెక్టరు ఈ సంగతిని ఒక సెమినారులో చెప్పాడు, తానే ఆ ఊరు వెళ్ళినట్టు, ఆ చుట్ట తానే కొన్నట్టు. చప్పట్లు మోగుతుంటే నేను పక్కన స్లైడ్లు మారుస్తున్నాను. ఇరవై ఏళ్ళు దాటినా అది నాకు మంటే.

కానీ ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు పాఠంలో సగమే నాకెక్కింది. నేను నాయుడి మొల చూసినంత సేపట్లో ఆ ముసలామె నా చుట్ట చూసింది. ఆ సగం నేను రాసుకోలేదు.

'నేను' లేని డైరీ

ఆ డైరెక్టరుకి ఒక నియమం ఉండేది. ఫీల్డ్ డైరీలో 'నేను' అన్న మాట కనబడకూడదు. "నువ్వక్కడ లేవనుకుని రాయవయ్యా. గోడకున్న బల్లి ఏం చూస్తుందో అది రాయి" అనేవాడు. ఒకసారి నా డైరీలో "జ్వరం వచ్చి రెండు రోజులు పడుకున్నాను" అని ఉంటే, అందరి ముందూ ఆ కాగితం చింపి బుట్టలో వేశాడు. ఆ అధ్యయనం అచ్చయ్యాక చూడండి, ఆ రెండు రోజులూ ఊళ్ళో ఏమీ జరగనట్టే ఉంటుంది. జరిగాయి. చూడవలసినవాడు గొంగళి కప్పుకుని వణుకుతున్నాడు, అంతే.

ఆ నియమాన్ని నేను తిట్టుకుంటూనే పాటించాను. భయంతో మాత్రమే కాదు. అది నాకు సుఖంగా కూడా ఉండేది. మన పిరికితనం, మన పట్టింపులు, మన ఇబ్బందులు ఏవీ రాయనక్కర్లేదు కదా. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

బండ మీద ఆరు రోజులు

టైడా దగ్గరి ఊరికి రెండు చోట్ల నీళ్ళున్నాయి. ఎగువన కొండ పగుల్లోంచి వచ్చే ఊట. ఎండాకాలం కూడా సన్నగా పారుతుంది. దిగువన గెడ్డ, పశువులు దిగే వాగు, వాన పడితే ఎర్రమట్టి. పై ఊటకు తొట్టి కట్టి పైపుతో నీళ్ళు ఊళ్ళోకి దింపమని జనం అడిగారు. నీళ్ళ శాఖవాళ్ళు, వీళ్ళు నిజంగా వాడే నీళ్ళేవో చూసి చెప్పమని మా సంస్థకి అప్పగించారు. సంస్థ నన్ను పంపింది.

ఊరి చివర ఒక బండ ఉంది. పై ఊటకు వెళ్ళే ఒకే ఒక్క దారి దాని ముందు నుంచే పోతుంది. గెడ్డకైతే ఇళ్ళ వెనక నిటారు దారిన దిగుతారు. నిండు బిందెలతో ఆ నిటారు ఎక్కలేరు కనుక చుట్టు దారిన వస్తారు. ఆ చుట్టు దారి బండ పక్కన కలుస్తుంది. రెండూ ఒకేచోటి నుంచి చూడవచ్చని ఆ బండనే ఎంచుకున్నాను.

మొదటి రోజు పొద్దున్నే పుస్తకం, పెన్సిలు సంచిలో పెట్టుకుని నాకిచ్చిన ఇంటి అరుగు దిగాను. పక్కింటి దయిమతి ఎదురొచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, అక్కని పిలిచినట్టు 'అప్పా' అనేవాణ్ణి. సంతలో అల్లం, పసుపు అమ్ముతుంది కాబట్టి తెలుగు బాగా మాట్లాడుతుంది. చంకలో ఖాళీ బిందె ఉంది.

నేను పుట్టింది శృంగవరపుకోట దగ్గర పల్లెలో. మా నాన్న పని మీద బయల్దేరినప్పుడు ఖాళీ బిందె ఎదురైతే, మా అమ్మ వెనక్కి పిలిచి, మంచినీళ్ళిచ్చి, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ పంపేది. నేను సోషియాలజీలో ఎమ్మే చదివాను. మూఢనమ్మకాల మీద గంటసేపు మాట్లాడగలను. కానీ చదువుకున్నది నేను, నా కాళ్ళు కాదు. అవి ఆగిపోయాయి. వెనక్కి తిరిగి అరుగు మీద కూర్చున్నాను. దయిమతి కూతుర్ని మంచినీళ్ళడిగి, తాగి, మళ్ళీ బయల్దేరాను. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

డైరీలో రాయలేదు. 'నేను' రాయకూడదు కదా. రాయవచ్చన్నా రాసేవాణ్ణి కాదు, సిగ్గు.

ఇక ఆ ఆరు రోజులూ బండ మీద కూర్చున్నాను. పై ఊట దారిన ఇద్దరు ముసలివాళ్ళు, కట్టెలకెళ్ళే మగవాళ్ళు తప్ప బిందె పట్టిన ఆడమనిషి వెళ్ళలేదు. గెడ్డ చుట్టు దారిన మాత్రం నిండు బిందెలు వరసగా వచ్చేవి. నా పుస్తకంలో ఒక పేజీ గీతలతో నల్లబడింది, ఎదురు పేజీ తెల్లగా ఉండిపోయింది. నన్ను దాటుతూ వాళ్ళు తలలూపి నవ్వేవారు. "రాసుకున్నావా బాబూ, రాసుకో" అనేవారు. నిండు బిందెలు నాకు ఎదురు రావడంలో వాళ్ళకేదో సంతోషం ఉన్నట్టు అనిపించింది. కొత్తవాణ్ణి చూసి ముచ్చటపడుతున్నారనుకున్నాను.

కనబడినవి ఇంకా ఉన్నాయి. మధ్యాహ్నం అన్నానికి వెళ్ళి తిరిగొస్తే, పై ఊట దారిలో నీటి బొట్లు ఉండేవి. మంచు అనుకున్నాను. నడినెత్తిన ఎండలో మంచేమిటి? ఊట దగ్గర రాతిలో బిందె అడుగు పట్టే గుంటలున్నాయి. ఎన్ని తరాల ఆడవాళ్ళు కుండలు పెడితే రాయి అలా అరుగుతుంది? గుంటల సంగతి డైరీలో రాశాను. డైరెక్టరు ఎర్రసిరాతో కొట్టేసి, "ఇది లెక్కకొచ్చేది కాదు" అని పక్కన రాశాడు. నేను గట్టిగా అడ్డుపడవలసింది. ఆ ఏడు నా చేతి రాత బాగాలేదని ఆయన అన్న మాట మీద అలిగి ఉన్నాను, అందుకని అడ్డుపడలేదు. చిన్న అలకలు పెద్ద పనిని ఎలా పాడుచేస్తాయో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు.

డైరెక్టరు నా పేజీలు చూసి పొంగిపోయాడు. "అడిగితే పై ఊటన్నారు, వాడేది కింది గెడ్డ! మళ్ళీ ఆ చుట్ట కథే చూడవయ్యా. నోరొకటి చెబితే కన్నొకటి పట్టింది!" అన్నాడు. నేనూ పొంగాను. పై ఊట కోరిక ఎవరో నేర్పిన మాటనీ, ఊరు దాన్ని వాడటం లేదనీ నివేదిక తేల్చింది. నాయుడి దగ్గర గెలిచిన పద్ధతే ఇక్కడ మమ్మల్ని గుడ్డివాళ్ళను చేసింది.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, దయిమతిని అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే పరిశీలన చెడుతుందని మా పాఠం.

దయిమతి చెప్పింది

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి కాఫీ తోటల మీద ఇంకో అధ్యయనానికి ఆ దారిన వెళుతూ ఊళ్ళో ఆగాను. మా నివేదిక చూసి శాఖవాళ్ళు తవ్వించిన బావి గెడ్డ ఒడ్డున ఉంది. మూత విరిగిపోయి ఉంది. పై ఊట దగ్గర సిమెంటు తొట్టి, దానికి తాళం. అక్కడి నుంచి నల్లటి పైపు ఊరి పక్కగా కొండ దిగి, రోడ్డు మీద కొత్తగా కట్టిన ఒక అతిథి గృహానికి పోతోంది. ఊరు వాడని నీళ్ళు కాబట్టి ఇచ్చేశారట.

దయిమతి కుంటుతూ వచ్చింది. అరుగు మీద కూర్చోబెట్టి చోడంబలి, అదే రాగి అంబలి, ఇచ్చింది.

"కాలికేమైంది అప్పా?"

"గెడ్డ దారిలో జారిపోనాను బావూ. వోనాకాలం. మోకాలు తిరగబడిపోనాది." తర్వాత చాలా మామూలుగా అడిగింది: "మా నీలు ఏటయిపోనాయి బావూ? నువ్వు రాసినావు గదా?"

"రాశాను. మీరు గెడ్డ నీళ్ళే వాడుతున్నారని రాశాను. పై ఊటకి ఒక్కరూ పోలేదు కదా."

"నీకు గేపకం నేదా? మొదటి రోజు నాను కాళీ బిందతో ఎదురొచ్చినాను. నువ్వు టక్కున ఆగిపోయి ఎనక్కి తిరిగినావు. అరుగు మీద కూకొని, మా గుంటని నీలడిగి తాగి, మల్లీ బయిల్దేరినావు."

"అయితే?"

"అయితేటి? ఆ పొద్దే ఊరంతా సెప్పీసినాను. బాబు మన నీల కోసరం రాత్తన్నాడు, కాళీ బింద ఎదురైతే ఆడి పని సెడిపోద్ది, బాబు కూకున్న దారంట ఎవులూ ఎల్లొద్దని. ఎనకాల నుంచి గెడ్డకి దిగీవోలం. నిండు బిందలతో నీకెదురొచ్చీవోలం. నిండు బింద మంచిది గదా మీకు?"

అంబలి గిన్నె కింద పెట్టాను. "మరి మధ్యాన్నం దారిలో నీటి బొట్లు..."

"నువ్వు బువ్వకెల్లగానే పరిగెట్టీవోలం!" అని నవ్వింది. "నువ్వు బేగి తినీసొచ్చీవోడివి. సగం మంది కాళీగానే తిరిగొచ్చీవోలు. 'ఈ రాతబాబుకి ఆకలెయ్యదేటే' అని తిట్టుకున్నాం కూడాను."

"ఖాళీ బిందె ఎదురు రాకూడదని మీలోనూ ఉందా అప్పా?"

"మాకెందుకుంటాది? కాళీ బింద పట్టకుండా నీలకెలగెల్తాం? అది మీ కిందోల్ల పట్టింపు. నీది. నీ పని సల్లగా జరగాలని నీ కోసరం పట్టినాం. ఆర్రోజులు సానామట్టుకు గెడ్డ నీలే తాగినాం."

పైపు వైపు చూపించింది. "దాని మీద సెవి ఎట్టు. లోన నీలెల్తన్న సప్పుడు ఇనిపిత్తాది. మా పిల్లగుంటలు ఆటకి ఇంటారు."

నేను వెళ్ళి చెవి పెట్టాను. వినిపించింది.

వాళ్ళను నేను ఆరు రోజులు చూశాను. వాళ్ళు నన్ను రెండు నిమిషాలు చూశారు. వాళ్ళు చూసింది నిజం. పైగా చూసి ఊరుకోలేదు, నాకు మేలు జరగాలని నడక మార్చుకున్నారు. ఆ మార్చుకున్న నడకనే నేను వాళ్ళ అలవాటని రాశాను. పిల్లలూ, ఈ పద్ధతి బలహీనత ఏమిటని పరీక్షలో అడిగితే పుస్తకంలో ఉన్నది రాయండి. కొండెక్కినప్పుడు మాత్రం ఇది గుర్తుంచుకోండి: మీరు ఊళ్ళో అడుగుపెట్టిన క్షణం నుంచి అందరికంటే ఎక్కువగా పరిశీలనకు గురయ్యే మనిషి మీరే. మీ డైరీలో మొదటి పేజీ మీ గురించే ఉండాలి. ఏం చూసి ఆగిపోయారు, ఎక్కడ ముక్కు మూసుకున్నారు, ఎవరి మంచం మీద కూర్చోలేదు, అదంతా రాయండి. చూసింది సరే, చివరి రోజున నోరు తెరిచి అడగండి. "ఈ వారం నా మూలాన మీరేం మార్చుకున్నారు?" అని అడగండి. చెబుతారు. దయిమతి దాచలేదు. నేనే అడగలేదు.

నాలుగు ఉత్తరాలు

తిరిగొచ్చి ఆ డైరెక్టరుకే మొదటి ఉత్తరం ఇచ్చాను. గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు.

"ఖాళీ బిందె చూసి మన ఇన్వెస్టిగేటరు వెనక్కి తిరిగాడని అచ్చేయమంటావా? ఎమ్మే చదివినవాడివి! నవ్విపోతారయ్యా" అన్నాడు.

"నవ్వేది నన్ను చూసి కదండీ. నవ్వనివ్వండి" అన్నాను.

"నిన్ను చూసి కాదు, సంస్థని చూసి. వెళ్ళు."

రెండోది నీళ్ళ శాఖకి పంపాను. మీ సంస్థ ద్వారా రావాలన్నారు. మూడోది, నాలుగోది తర్వాతి డైరెక్టర్లకి పంపాను. అందినట్టు సంతకం చేసిన రసీదులు నా పెట్టెలో ఉన్నాయి. జవాబులు లేవు. నీలం అట్ట నివేదిక మాత్రం శిక్షణ తరగతిలో ఇంకా ఆదర్శంగానే ఉంది.

ఇన్నేళ్ళూ నా పేరు వేయలేదని ఆ నివేదిక మీద కోపంగా ఉండేవాణ్ణి. ఇప్పుడు నా పేరు వేయమనే అడుగుతున్నాను, తప్పు చేసినవాడి చోట. ఇప్పుడున్న డైరెక్టరు గారూ, మీరు రాయవలసింది ఒక్క కాగితం. ఆ ఊరు పై ఊట నీళ్ళే తాగేదనీ, పరిశీలకుడి మూలాన ఆరు రోజులు మానుకుందనీ, నివేదికలో తేల్చినది చెల్లదనీ రాసి శాఖకు పంపండి. ఖాళీ బిందె సంగతి కూడా రాయండి. నాకు సిగ్గు లేదిప్పుడు.

నా మాట నమ్మకపోతే మీరే వెళ్ళండి. టైడాలో రైలు దిగి నడవండి. పొద్దున్నే ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి ఒకావిడ కుంటుకుంటూ ఖాళీ బిందెతో మీకు ఎదురొస్తుంది. వెనక్కి తిరక్కండి. నిలబడండి. ఆవిడ నన్నడిగిన మాటే మిమ్మల్నీ అడుగుతుంది, మా నీళ్ళు ఏమైపోయాయని. నా దగ్గర దానికి జవాబు లేదు, మీ బీరువాలో, ఆ నీలం అట్ట లోపల ఉంది. నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు. ఆవిడకి చెప్పండి.